మీ రేవులో నీటిమట్టం, మీ వాగులో ప్రవాహం మీరే కొలుచుకోవడం ఎలా?

వానాకాలం మొదలైతే చాలు, విజయవాడ చుట్టుపక్కల అందరూ ఒకటే అడుగుతారు: "ప్రకాశం బ్యారేజీకి ఎన్ని లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఇన్ని ఘనపుటడుగుల నీళ్లు) వస్తే మా ఇంట్లోకి నీళ్లొస్తాయి?" కృష్ణలంక వాళ్లదీ, సింగ్‌నగర్ వాళ్లదీ, సీతానగరం వాళ్లదీ, కొల్లిపర వైపు లంకల వాళ్లదీ ఇదే ప్రశ్న. అందరికీ సరిపోయే అంకె ఒకటి చెప్పడం కుదరదు. సింగ్‌నగర్ వాళ్లకు కావాల్సింది కృష్ణ అంకె ఒక్కటే కాదు, ముందు బుడమేరు వాగు సంగతి తెలియాలి. కృష్ణలంకలో కూడా రిటైనింగ్ వాల్ లోపలున్న ఇంటికీ, కట్ట దిగువన ఉన్న ఇంటికీ లెక్క వేరు.

మీ గుమ్మం ఎత్తుకూ మీ దగ్గర పారే నీటికీ ఉన్న లెక్కను మీరే తయారు చేసుకోవాలి. ఇది ఇంజినీర్లు మాత్రమే చేసే పని కాదు. ఒక స్కేలు, ఒక నోటుపుస్తకం, ఒక సీజను ఓపిక ఉంటే ఎవరైనా చేయొచ్చు.

కావాల్సినవి

- నాలుగంగుళాల వెడల్పు, ఆరడుగుల పొడవున్న చెక్క పలక లేదా రేకు. తెలుపు, నలుపు ఎనామిల్ పెయింటు.
- మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు, అంటే నీళ్లు నింపిన పారదర్శకమైన సన్న గొట్టం. యాభై అడుగులది చాలు.
- కొలత టేపు, గుండు కట్టిన దారం.
- గీతల నోటుపుస్తకం, బాల్‌పెన్ను. జెల్‌పెన్ను వద్దు, వాన చుక్క పడితే రాసింది చెరిగిపోతుంది.
- మంచి టార్చి.
- ప్రవాహం కూడా కొలవాలంటే తాడు, అడుగులు గుర్తుపెట్టిన పొడవాటి వెదురు కర్ర, తొక్క తీయని కమలాపళ్లు నాలుగైదు.

1. మీరు చూడాల్సిన నీళ్లు ఏవో తేల్చుకోండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్నవాళ్లు, అంటే పున్నమి ఘాట్, భవానీ ఘాట్, దుర్గా ఘాట్ వైపు వాళ్లు, నీటిమట్టం చూసి ప్రవాహం అంచనా వేయలేరు. అక్కడి మట్టాన్ని గేట్లతో పన్నెండు అడుగుల దగ్గర నిలబెడతారు. ఇరవై వేల క్యూసెక్కులు పోతున్నా, లక్ష పోతున్నా ఎగువ మెట్ల దగ్గర నీళ్లు దాదాపు ఒకేచోట కనిపిస్తాయి. గేట్లన్నీ పూర్తిగా ఎత్తేశాక కూడా వరద పెరుగుతుంటే అప్పుడే ఎగువ మట్టం లేస్తుంది. ఆ మట్టం కదలడం మొదలైందంటే పరిస్థితి పెద్దదేనని అర్థం.

పద్మావతి ఘాట్, కృష్ణలంక, సీతానగరం కింది వైపు, ఇంకా దిగువ లంకల వాళ్లకు మట్టం నిజమే చెబుతుంది. నీళ్లు ఎక్కువ వదిలితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. స్కేలు పెట్టుకుంటే బాగా పనికొచ్చేది వీళ్లకే.

సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వాళ్లు మూడు చోట్ల కన్నేసి ఉంచాలి: మైలవరం వైపు కొండల్లో వాన, బుడమేరు మీదున్న వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు, బ్యారేజీ దగ్గర కృష్ణ మట్టం. మూడోది ఎందుకంటే, బుడమేరు నీటిని మళ్లించే డైవర్షన్ కాలువ ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీళ్లు బయటికి పోలేక కాలువలోనే ఎగదన్నుతాయి. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో ఆ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ మునిగింది. అదే సమయంలో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. రెండూ ఒకేసారి రావడమే ఆ వరదలోని ప్రమాదం.

నందిగామ, కంచికచర్ల వైపు వాళ్లకు మున్నేరు ముఖ్యం. వైరా, కట్టలేరు దాంట్లోనే కలుస్తాయి. 2023 జూలైలో ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవే మీదికి వచ్చింది మున్నేరు నీళ్లే.

2. స్కేలు తయారుచేసి నిలబెట్టండి

పలకకు తెల్ల పెయింటు వేసి ఆరనివ్వండి. అంగుళానికో చిన్న గీత, అడుగుకో పెద్ద గీత నల్లగా వేయండి. అడుగు అంకెలు అరచేయంత ఉండాలి. రాత్రి టార్చి వేసి ఇరవై అడుగుల దూరం నుంచి చదవగలిగితేనే ఆ స్కేలు పనికొచ్చినట్టు.

ఎక్కడ పెట్టాలి? నీళ్లు తిన్నగా, ప్రశాంతంగా పారేచోట. వంతెన స్తంభానికి ఎదురు ముఖాన పెట్టొద్దు, అక్కడ నీళ్లు గుద్దుకుని పైకి లేస్తాయి. స్తంభం వెనకా వద్దు, అక్కడ గుంట పడుతుంది. వాగు వంపు బయటి ఒడ్డున కూడా మట్టం కాస్త ఎక్కువ చూపిస్తుంది. చెట్టు మొదలుకు కట్టొద్దు, చెట్టు ఊగుతుంది, వరదకు కొట్టుకుపోతుంది. గట్టి రాయి, పాత కల్వర్టు గోడ, ఘాట్ పక్క గోడ లాంటివి చూసుకోండి. గుండు దారం వేలాడదీసి పలక నిటారుగా ఉందో లేదో చూసి బిగించండి. పలక ఒరిగి ఉంటే చదివే ప్రతి అంకె అసలు కంటే ఎక్కువే వస్తుంది.

సున్నా గీత వేసవిలో కనిపించే అతి తక్కువ మట్టానికి కూడా కిందనే ఉండాలి. లేకపోతే ఎండాకాలంలో నీళ్లు సున్నా కిందికి జారి రీడింగు రాయడానికి ఉండదు.

హెచ్చరిక: బ్యారేజీ మీద, రెగ్యులేటర్ల మీద, రిటైనింగ్ వాల్ మీద అనుమతి లేకుండా మేకు కొట్టొద్దు, రంగు వేయొద్దు. జలవనరుల శాఖ సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని అడగండి. చాలాచోట్ల వాళ్ల స్కేలు ముందే ఉంటుంది, దాన్నే చదువుకోవచ్చు.

పలక కుదరకపోతే ఘాట్ మెట్లే స్కేలు అనుకోండి. కింది నుంచి ఒక్కో మెట్టు ఎత్తు టేపుతో కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. అన్ని మెట్లూ ఒకే ఎత్తని అనుకుని లెక్క కట్టొద్దు. అరంగుళం తేడాలు పది మెట్లకు కలిసి అయిదంగుళాలు అవుతాయి.

3. స్కేలుకూ మీ గుమ్మానికీ లెక్క కలపండి

ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. ఇది లేకపోతే మీ స్కేలు నీళ్లు లేచాయని చెబుతుంది గానీ, మీకు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పదు.

ఇద్దరు కావాలి. లెవెల్ ట్యూబులో నీళ్లు నింపండి, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఒకరు ట్యూబు కొసను స్కేలు పక్కన, రెండోవాళ్లు రెండో కొసను ఇంటివైపు ఏదైనా గోడ దగ్గర పట్టుకోవాలి. నీళ్లు కదలకుండా నిలిచాక రెండు చోట్లా గీత గీయండి. ఆ రెండు గీతలూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఇలా గోడ నుంచి గోడకు, కరెంటు స్తంభం నుంచి స్తంభానికి జరుపుకుంటూ మీ గుమ్మం దాకా రండి. మధ్యలో నేల లేస్తే గీత నుంచి ఎంత పైకి జరిపారో, దిగితే ఎంత కిందికి జరిపారో టేపుతో కొలిచి రాసుకోండి.

చివరకు మీకు ఒక వాక్యం దొరకాలి: "మా స్కేలు సున్నాకు 14 అడుగుల 3 అంగుళాలు పైకి నీళ్లొస్తే మా గుమ్మం తాకుతుంది." మీ వీధిలో అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇంటికీ, మీరు బయటికి వెళ్లే దారిలో పల్లంగా ఉన్నచోటుకీ ఇదే లెక్క తీయండి. ఇల్లు మునగకముందే దారి మునుగుతుంది, అందుకని దారి లెక్కే ముందు కావాలి.

సరిచూసుకోవడానికి, అదే దారిలో ఇంటి నుంచి స్కేలు దాకా వెనక్కి కొలుచుకుంటూ వెళ్లండి. మొదలుపెట్టిన గీతకూ తిరిగొచ్చిన గీతకూ అంగుళం లోపు తేడా ఉంటే సరే. అంతకుమించితే ట్యూబులో బుడగ ఉన్నట్టు, లేదా ఎక్కడో కూడికలో తప్పు జరిగినట్టు. మళ్లీ చేయండి.

4. రోజూ ఒకే వేళకు చదవండి

కేంద్ర జల సంఘం వాళ్లు రోజూ ఉదయం ఎనిమిదింటికి మట్టం నమోదు చేస్తారు. మీరూ ఎనిమిదికే చదివితే తర్వాత పోల్చుకోవడం సులువు. నీళ్లు పెరుగుతున్నప్పుడు గంట గంటకూ చదవండి.

నీళ్లు ఊగుతుంటే అల ఎక్కినప్పటి అంకె, దిగినప్పటి అంకె చూసి మధ్యది రాయండి. కళ్లు నీటి మట్టానికి వీలైనంత దగ్గరగా ఉంచి చూడాలి. గట్టు మీద నిలబడి కిందికి వంగి చూస్తే ఒకటి రెండు అంగుళాలు తప్పు వస్తుంది. ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంటే అనుమానం వచ్చినప్పుడు మళ్లీ చూసుకోవచ్చు.

ఒక్కో వరసలో అయిదు విషయాలు రాయండి: తేదీ, సమయం, మీ స్కేలు అంకె, బ్యారేజీ ప్రవాహం, మీ దగ్గర వాన పడిందా లేదా. చదవకుండా అంకె రాయొద్దు. ఒకరోజు కుదరకపోతే ఖాళీ వదిలేయండి, నిన్నటి అంకె దింపొద్దు. నోటుపుస్తకంలో ఖాళీ ఉంటే నష్టం లేదు, ఊహించి రాసిన అంకె ఉంటే వరద రాత్రి అదే మిమ్మల్ని ముంచుతుంది.

5. అధికారిక అంకెలను పక్కన పెట్టుకుని చదవండి

కేంద్ర జల సంఘం 2023లో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ ఫోనులో వేసుకోండి. అందులో నదీ కేంద్రాల మట్టాలు మీటర్లలో ఉంటాయి, మన జిల్లా బులెటిన్లలో అడుగుల్లో ఉంటాయి. ఒక మీటరు అంటే 3.28 అడుగులు. యాప్‌లో పసుపు రంగు అంటే నీళ్లు హెచ్చరిక మట్టం దాటాయని, నారింజ అంటే ప్రమాద మట్టం దాటాయని, ఎరుపు అంటే ఆ కేంద్రంలో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక మట్టాన్నే దాటాయని అర్థం.

బ్యారేజీ మట్టం విషయంలో ఒక గందరగోళం తప్పకుండా ఎదురవుతుంది. ఒకచోట 12 అడుగులని, ఇంకోచోట 57.05 అడుగులని రాస్తారు. రెండూ నిజమే, నీళ్లూ అవే. మొదటిది గేట్ల అడుగు నుంచి కొలిచింది, రెండోది సముద్రమట్టం నుంచి. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు రెండోది రాసుకుంటే మీ పుస్తకం పాడవుతుంది. ఏదో ఒకటే పాటించండి.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది జారీ చేస్తారు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). బ్యారేజీ వెనక నిలిచేది మూడు టీఎంసీలకు కాస్త పైన, అంతే. అంటే బ్యారేజీ వరదను ఆపలేదు, వచ్చింది వచ్చినట్టు వదలాల్సిందే. బ్యారేజీకి ఎగువన ఉన్న పులిచింతల ప్రాజెక్టు పూర్తి సామర్థ్యం 45.77 టీఎంసీలు. అయిదు లక్షల క్యూసెక్కులు వస్తుంటే ఖాళీ పులిచింతల కూడా దాదాపు ఒక రోజులో నిండిపోతుంది. "పైన ఆపుకోవచ్చు కదా" అని అడిగే ముందు ఈ కూడిక ఒకసారి చేసి చూడండి.

ఇక పైనుంచి నీళ్లు మీ దగ్గరకు రావడానికి పట్టే సమయం. దీన్ని ఎవరినీ అడగక్కర్లేదు, మీ పుస్తకమే చెబుతుంది. పులిచింతలలో విడుదల పెంచిన గంట రాసుకోండి. మీ స్కేలు గట్టిగా లేవడం మొదలైన గంట రాసుకోండి. రెండిటి మధ్య గంటలే మీ వ్యవధి. ఒక సీజనులో నాలుగైదు సార్లు రాస్తే అంకె నిలకడగా కనిపిస్తుంది. నీళ్లు ఎక్కువైతే వేగమూ పెరుగుతుంది కాబట్టి పెద్ద వరదలకు ఆ వ్యవధి తగ్గుతుంది. మున్నేరు పులిచింతల దిగువన కలుస్తుంది. ఖమ్మం, మధిర వైపు భారీ వాన కురిసిన రోజు పులిచింతల అంకె ఒక్కటే చూసి ధైర్యంగా ఉండొద్దు.

6. చిన్న వాగు, పంట కాలువ ప్రవాహం కొలవడం

ఇది కృష్ణకు కాదు. కృష్ణలో కొలవడానికి పడవ, కరెంటు మీటరు (నీటి వేగం కొలిచే పరికరం), శిక్షణ ఉన్న మనుషులు కావాలి. మీ ఊరి వాగుకు, పంట కాలువకు మాత్రం కింది పద్ధతి చాలు. వరద లేనప్పుడు, పగటిపూట, ఇద్దరికి తగ్గకుండా ఉన్నప్పుడే చేయండి. వేగంగా పారే నీళ్లు మోకాలి లోతున్నా మనిషిని పడేస్తాయి. చిన్న వంతెన ఉంటే దాని మీద నుంచే కొలవండి.

కొలతలన్నీ అడుగుల్లో తీసుకోండి. అడుగుల్లో లెక్క కడితే జవాబు నేరుగా క్యూసెక్కుల్లోనే వస్తుంది, ఎందుకంటే క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు.

వంపులు, నాచు, గుర్రపుడెక్క లేకుండా తిన్నగా పోయే అరవై అడుగుల కాలువ ముక్క చూసుకోండి. మధ్యలో అడ్డంగా తాడు కట్టి, నాలుగడుగులకొక చోట కర్ర ముంచి లోతు రాయండి. ఉదాహరణకు ఇరవై అడుగుల వెడల్పు కాలువలో లోతులు 1.5, 2.5, 3, 2 అడుగులు వచ్చాయనుకోండి, రెండు ఒడ్లలో సున్నా. కూడితే 9. దాన్ని నాలుగుతో గుణిస్తే 36 చదరపు అడుగుల కోత, అంటే కాలువను అడ్డంగా కోస్తే కనిపించే నీటి వైశాల్యం.

ఇప్పుడు కమలాపండు. అది నీళ్లలో సగానికి పైగా మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని తోయదు. ఎండుటాకు, థర్మోకోల్ ముక్క వాడితే గాలి వేగం కొలిచినట్టవుతుంది. మొదటి గుర్తుకు కాస్త ఎగువనే వేయండి, గుర్తు దాటగానే ఫోనులో సెకన్లు మొదలుపెట్టండి. మధ్యలో ఒకసారి, ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి వేసి సగటు తీయండి. అరవై అడుగులు సగటున 25 సెకన్లలో దాటితే వేగం సెకనుకు 2.4 అడుగులు. పైన నీళ్లు వేగంగా, అడుగున నెమ్మదిగా పోతాయి కనుక దాన్ని 0.85తో గుణించండి, 2.04 వస్తుంది. కోత 36 ను దానితో గుణిస్తే 73 క్యూసెక్కులు.

సరిచూసుకునే పద్ధతి: రెండు వందల అడుగుల దిగువన ఇంకోచోట మళ్లీ కొలవండి. మధ్యలో తూము గానీ పాయ గానీ లేకపోతే రెండు జవాబులూ దగ్గరగా ఉండాలి. పదిశాతం తేడా సహజం. ముప్పై శాతం వస్తే ఎక్కువసార్లు లోతులే తప్పు. కర్ర బురదలోకి దిగి లోతు ఎక్కువ చూపించి ఉంటుంది. కర్ర కొసకు చిన్న చెక్క బిళ్ల కొడితే బురదలో దిగదు. కాలువ అయితే తూములు, గేట్లు చూసుకునే లస్కరును కూడా అడగండి, ఆ రోజు ఎంత వదిలారో ఆయనకు తెలుస్తుంది.

ఇలా వేర్వేరు మట్టాల దగ్గర ఏడెనిమిది సార్లు కొలిచి, స్కేలు అంకె ఒకవైపు, క్యూసెక్కులు ఇంకోవైపు గ్రాఫు కాగితం మీద పెడితే వంపు గీత వస్తుంది. తర్వాత స్కేలు చూస్తే ప్రవాహం తెలిసిపోతుంది. గీత తిన్నగా ఉండదు. మట్టం రెట్టింపైతే నీళ్లు రెట్టింపు కంటే చాలా ఎక్కువవుతాయి. మీరు కొలిచిన అత్యధిక మట్టాన్ని దాటి గీతను పొడిగించి నమ్మొద్దు, గట్టు దాటాక లెక్కే మారిపోతుంది.

తరచూ జరిగే తప్పులు

"70 గేట్లూ ఎత్తేశారు" అని వినగానే కంగారుపడటం. గేటు ఒక్క అడుగు ఎత్తినా ఎత్తినట్టే రాస్తారు. ఎన్ని అడుగులు ఎత్తారో, ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయో చూడండి.

ఇన్‌ఫ్లోనూ ఔట్‌ఫ్లోనూ కలిపేయడం. బ్యారేజీ దిగువ వాళ్లకు కావాల్సింది సముద్రం వైపు వదిలే అంకె. కాలువలకు పోయేది అందులో ఉండదు.

నిరుడు ఇదే మట్టానికి ఇన్ని క్యూసెక్కులు కదా అని ఈ ఏడూ అదే అనుకోవడం. ఇసుక తవ్వినా, మేట వేసినా, కట్ట కట్టినా పాత లెక్క చెల్లదు.

తేదీ, గంట లేని వాట్సాప్ వీడియో చూసి నిర్ణయం తీసుకోవడం. ఇదీ అంతే ప్రమాదం. గంట లేని అంకె ఎంత పెద్దదైనా మీ పుస్తకంలో రాయకండి.

7. ఎప్పుడు కదలాలి

గంటకు ఎన్ని అంగుళాలు లేస్తోందో చూడండి. దారిలో పల్లపు చోటుకు ఇంకా నాలుగడుగులు ఉంది, గంటకు నాలుగంగుళాలు లేస్తోంది అనుకుంటే లెక్క ప్రకారం పన్నెండు గంటలు. నేనైతే అందులో సగమే నా చేతిలో ఉందనుకుంటాను. వరద ఒకే వేగంతో లేవదు, పైన ఇంకో గేటు ఎత్తితే గంటకు నాలుగు కాస్తా ఎనిమిదవుతుంది. ఆ ఆరు గంటలూ చీకటి పడ్డాక ముగిసేలా ఉంటే చీకటికి ముందే పెద్దవాళ్లను, పిల్లలను, గొడ్లను తరలించండి. కరెంటు మెయిన్ ఆపి వెళ్లండి.

నీళ్లు స్కేలు పైకొస దాటితే ఇక చదవడానికి దిగొద్దు. ఇంటి గోడ మీద, మేడ మెట్ల మీద వేసుకున్న గీతలు చూస్తే చాలు. విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూం నంబర్లు 1070, 112, 1800 425 0101 కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఫోను చార్జింగు అయిపోయినా పక్కింటి ఫోనుతో చేయొచ్చు.

అధికారులు ఖాళీ చేయమన్నప్పుడు మాత్రం మీ స్కేలు ఎంత తక్కువ చూపిస్తున్నా వెళ్లిపోండి. పైన ఏ కట్టకు ఏమైందో మీ స్కేలుకు తెలియదు.

8. వరద తగ్గాక

గోడల మీద బురద చార ఆరిపోకముందే, రెండు మూడు రోజుల్లో, దాని ఎత్తు లెవెల్ ట్యూబుతో మీ స్కేలుకు కలిపి కొలవండి. చెరగని పెయింటుతో గీత గీసి తేదీ, ఆ రోజు బ్యారేజీ నుంచి వదిలిన గరిష్ఠ ప్రవాహం పక్కనే రాయండి. వీధిలో నాలుగు ఇళ్ల మీద ఇలా గుర్తులుంటే కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లకూ లెక్క తెలుస్తుంది.

తర్వాత స్కేలు చూడండి. పలక కదిలిందా, ఒరిగిందా? గుమ్మం నుంచి వెనక్కి కొలిచి సున్నా పాతచోటే ఉందో లేదో తేల్చుకోండి. కదిలి ఉంటే సరిచేసి, ఏ తేదీ నుంచి ఎన్ని అంగుళాల తేడా ఉందో పుస్తకంలో ఎర్ర సిరాతో రాయండి. పాత అంకెలు దిద్దొద్దు. పెయింటు వెలిసిన గీతలు జూన్ రాకముందే మళ్లీ వేయించండి.